ఆదివారం పూట మంచు కొండ దగ్గర



విదేశీ విద్యానిధికి అప్లై చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాకు మెసేజ్ పెట్టి అడిగేవి దాదాపు ఒకటే రకం. ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత రావాలి, వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, అకౌంట్లో ఎంత చూపించాలి, పార్ట్‌టైం పని దొరుకుతుందా. ఇవన్నీ అడగాల్సినవే, మేమూ అడిగాం. కానీ అక్కడికి పోయాక ఆదివారం పూట ఏం చేస్తారు, ఎవరితో మాట్లాడతారు, మీరెవరని అడిగితే ఏం చెప్తారు అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టినవి అవే. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం కలిసి రాస్తున్నాం. ఒకరిది చింతూరు మండలం, కోయ. ఒకరిది పాడేరు పక్కన ఊరు, భగత. ఒకరిది ఉట్నూరు దగ్గర గూడెం, గోండు. పేర్లు ఎందుకులెండి, ఎవరి మాట వచ్చినా ఊరి పేరుతోనే చెప్తాం. చింతూరు తమ్ముడు, పాడేరు చెల్లి, ఉట్నూరు అన్న. ఇంటి దగ్గరుంటే మేం ముగ్గురం కలిసేవాళ్లమే కాదు. మూడు ఐటీడీఏలు, మూడు భాషలు. కలిసింది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం పై కొసన, హోటన్ అనే చిన్న ఊళ్లో. 2022 ఆగస్టులో.

ఆ నెల చెప్పడానికి కారణం ఉంది. అంతకు నెల ముందే, జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత పెద్దది అదే. శబరి నీళ్లు వెనక్కి తన్నాయి. చింతూరు తమ్ముడి ఊళ్లో ఇళ్లన్నీ మునిగితే జనం బియ్యం మూటలు, మేకలు, పిల్లల్ని పట్టుకుని వెనకున్న కొండ ఎక్కారు. టార్పాలిన్ల కింద ఉన్నారు. తమ్ముడు వీసా కాగితాలున్న ఫైలును ప్లాస్టిక్ కవరులో చుట్టి, దాన్ని కడుపుకి కట్టుకుని కొండ మీద పడుకున్నాడు. ఇంట్లో బురద పూర్తిగా ఎత్తకముందే విమానం ఎక్కాడు.

ఇంత మోసుకుని వచ్చినవాడు, హోటన్‌లో తెలుగువాళ్ల రూముకి మొదటిసారి భోజనానికి పోయినప్పుడు, "మీది ఏ ఊరు బ్రో?" అంటే "రాజమండ్రి" అన్నాడు.

మేం అతన్ని తప్పు పట్టడానికి లేదు. పాడేరు చెల్లి "వైజాగ్" అంది. ఉట్నూరు అన్న "ఆదిలాబాద్ టౌన్" అన్నాడు. ఊరు చెప్తే మండలం అడుగుతారు, మండలం చెప్తే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు చెప్తే ఒక్క క్షణం మౌనం వస్తుంది. ఆ తర్వాత "ఓహ్, అయితే మీకు సీటు ఈజీనే కదా" అనే మాట వస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లు "కొండోళ్లు" అనిపించుకున్నాక మనిషికి ముందు జాగ్రత్త అలవాటవుతుంది. ముగ్గురం ఒకరి అబద్ధం ఒకరం విన్నాం. ఆ రాత్రి గిన్నెలు కడిగి బయటికొచ్చాక ఉట్నూరు అన్నే ముందు నవ్వాడు. "ఆదిలాబాద్ టౌన్లో మాకు ఇల్లు కాదు కదా, దిగడానికి చుట్టం కూడా లేడు" అన్నాడు. అలా దోస్తులమయ్యాం.

ఇప్పుడు ఆ ఊరి సంగతి చెప్పాలి. సుపీరియర్ సరస్సులోకి వేలు పెట్టినట్టు పొడుచుకుని ఉండే నేలను కీవెనా ద్వీపకల్పం అంటారు. విస్తీర్ణంలో ప్రపంచంలో దానికన్నా పెద్ద మంచినీటి సరస్సు లేదు. చలికాలంలో వాయవ్యం నుంచి వచ్చే గాలి ఆ నీళ్ల మీదుగా తేమ తాగి, ఒడ్డు తగలగానే మంచుగా దిమ్మరిస్తుంది. ఏడాదికి సగటున 200 అంగుళాలకు పైనే పడుతుంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందని రోడ్డు పక్కన థర్మామీటరులా పెద్ద కొలబద్ద నిలబెట్టారు. మాకు తెలిసిన మంచు అంటే లంబసింగిలో తెల్లారి గడ్డి మీద పేరుకునేది. ఇక్కడ నవంబరులో పడ్డది ఏప్రిల్ దాకా నేలని వదలదు. సాయంత్రం ఐదు దాటితే చీకటి. ల్యాబ్, రూము, ల్యాబ్, రూము. డిసెంబరు సగానికి ముగ్గురం ఒకరితో ఒకరం కూడా మాటలు తగ్గించేశాం. ఇంటికి ఫోన్ చేస్తే "బాగున్నాం" అనేసి పెట్టేసేవాళ్లం.

మా యూనివర్సిటీ ముందర పోర్టేజ్ కాలువ ఉంటుంది. దానికి అవతల ఒక గుట్ట. పొద్దుగూకితే ఆ గుట్ట మీద వరసగా దీపాలు వెలిగేవి. చీకట్లో తెల్లటి వాలు మీద చిన్న చిన్న చుక్కలు జారుతూ కనిపించేవి. మొదట్లో బండ్లనుకున్నాం. అవి మనుషులు. దాని పేరు మాంట్ రిప్లీ. స్కీ చేసే కొండ. మా యూనివర్సిటీ సొంతం. అక్కడ చదివేవాళ్లకి కట్టిన ఫీజులోనే ప్రవేశం కలిసి ఉంటుందని మాకు జనవరి దాకా తెలీదు. ఎవరూ దాచలేదు. అది మనలాంటివాళ్లకి కాదని మేమే అనుకున్నాం. స్కీ అంటే సినిమాల్లో చూసిందే కదా. డబ్బున్నోళ్లు, నల్ల కళ్లద్దాలు, స్విట్జర్లాండు.

ఉట్నూరు అన్నే మొండిపట్టు పట్టాడు. "ఫీజు కట్టాం. కట్టినదానికి కొండ చూసి రావాలి" అన్నాడు. లిఫ్ట్ బ్రిడ్జి దాటి కుడివైపు తిరిగి కాలువ వెంట పోతే వస్తుంది. దగ్గరికి పోయి చూసి ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కింది నుంచి పై దాకా 440 అడుగులే. పాడేరు చెల్లి "దీన్ని మా దగ్గర కొండ అనరు, గుట్ట అంటారు" అంది. ఉట్నూరు అన్న "మా గోండీలో మెట్ట. కానీ దీనికి ఆ పేరు పెట్టినా మా తాత ఒప్పుకోడు" అన్నాడు.

ఆ రోజు ఆ గుట్ట మా ముగ్గురి పొగరూ దించింది.

బూట్లు తొడుక్కుంటే కాళ్లు రాతిలో పోసినట్టుంటాయి. ఆ బూట్లతో నడవడమే ఒక విద్య. స్కీలు తగిలించుకున్నాక నిలబడ్డ చోట నిలబడలేం. చిన్నపిల్లల వాలు దగ్గర మాకు నేర్పడానికి వచ్చింది యూనివర్సిటీలో చదివే అమ్మాయే, కానీ నిజంగా నేర్పింది ఆరేడేళ్ల పాప ఒకతి. వాళ్ల నాన్న దూరంగా నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఆ పాప మా ముందుకొచ్చి స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి "పిజ్జా ముక్కలా పెట్టండి, ఆగుతుంది" అంది. పెద్దవాళ్లు దాన్నే స్నోప్లౌ అంటారట. అంటే మంచు నాగలి. "నాగలా? ఇంతసేపు చెప్పరేం!" అన్నాడు చింతూరు తమ్ముడు. మడమల మీద బరువేసి, మోకాళ్లు వంచి, మేడి తొక్కినట్టు తొక్కాడు. నాలుగడుగులు జారి ఆగాడు. ఐదో అడుగుకి పడ్డాడు. పాప చప్పట్లు కొట్టింది.

చిన్నప్పుడు మేమందరం ఇదే ఆట ఆడాం కదా. చింతూరు వైపు తాటిమట్ట, పాడేరు వైపు జీలుగు మట్ట. ఒకడు ఎక్కి కూర్చుంటే ఇంకొకడు తొడిమె పట్టుకుని వాలు మీదకి తోసేవాడు. నిక్కరు చిరిగితే ఇంటి దగ్గర దెబ్బలు. ఆట అదే, ఇక్కడ సామాను ఖరీదు ఎక్కువ, అంతే. ఇలా అనుకున్నాక భయం సగం పోయింది.

మూడో వారం లిఫ్ట్ ఎక్కాం. వైరుకి వేలాడే కుర్చీలో కూర్చుంటే పైకి తీసుకుపోతుంది. ఎక్కడం తేలికే. దిగేటప్పుడు కుర్చీ ఆగదు, జారుతూ పక్కకి తప్పుకోవాలి. పాడేరు చెల్లి పడింది, ఆమె మీద ఉట్నూరు అన్న పడ్డాడు, వాళ్లిద్దర్నీ తప్పించబోయి చింతూరు తమ్ముడు పడ్డాడు. లిఫ్ట్ నడిపే కుర్రాడు మీట నొక్కి మొత్తం ఆపేశాడు. వెనక కుర్చీల్లో ఉన్నోళ్లంతా గాల్లో వేలాడుతూ ఆగిపోయారు. తిడతారనుకున్నాం. మెస్ లైన్లో పళ్లెం పడేస్తే ఎలా తిట్టేవాళ్లో మాకు గుర్తే. ఇక్కడ పై నుంచి ఎవరో "తొందరేం లేదు" అని అరిచారు. ఇంకెవరో "నిరుడు నేను ఇక్కడే పడ్డా" అన్నారు. ఆ ఒక్క సీజన్లో మా వల్ల ఆ లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. అక్కడ అందరూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడే పడ్డవాళ్లు.

కొండ కింద షాలే అని ఒక హాలు ఉంటుంది. మేం కొండ కన్నా ఎక్కువ సేపు గడిపింది అందులోనే. పెద్ద కుటుంబాలు పొద్దున్నే వచ్చి ఒక బల్ల పట్టుకుంటాయి. ఇంటి నుంచి తెచ్చిన అన్నం సంచులు బల్ల మీద, బూట్లు బల్ల కింద, తడి చేతి తొడుగులు కుర్చీల మీద ఆరేసి ఉంటాయి. సంత రోజు చెట్టు కింద మన జనం మూటలు దించుకుని కూర్చున్నట్టే. ఎవరి సామానూ ఎవరూ ముట్టరు, ఎవరి పిల్లాడు ఏడ్చినా ఎవరో ఒకరు ముక్కు తుడుస్తారు. పేస్టీ అని ఒకటి తింటారు. మాంసం, ఆలుగడ్డ, దుంపలు పెట్టి కజ్జికాయలా మడిచి కాల్చింది. ఒకప్పుడు ఇంగ్లండు కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కూలీలు దాన్ని మూట కట్టుకుని గనిలోకి దిగేవాళ్లట. మాకు మొదటి పేస్టీ కొనిచ్చినవాళ్లు లేరు, సగం విరిచి ఇచ్చినవాళ్లున్నారు.

ఎర్ర కోటు మీద తెల్ల క్రాసు గుర్తుతో కొంతమంది తిరిగేవాళ్లు. స్కీ పెట్రోల్. ఎవరికి దెబ్బ తగిలినా తెప్పలాంటి బండి మీద పడుకోబెట్టి కిందికి తెస్తారు. అది ఉద్యోగమనుకున్నాం. మాకు పరిచయమైన తాతది జీతం లేని సేవ. వారమంతా వేరే పని, ఆదివారం ఇక్కడ. "ఎందుకు తాతా?" అంటే "నేను పడ్డప్పుడు ఎవరో ఒకరు తెచ్చారుగా" అన్నాడు. చిన్నదైపోయిన స్కీలు పక్కింటి పిల్లకి పోతాయి, ఆ పిల్లకి చిన్నవైతే ఇంకో ఇంటికి. పాత సామాను అమ్ముకునే రోజు ఒకటి పెట్టుకుంటారు. అక్కడ పాడేరు చెల్లి కొన్న బూట్ల లోపల మూడు పేర్లు రాసి, ముందరి రెండూ కొట్టేసి ఉన్నాయి. ఆమె మూడోది కొట్టేసి తన పేరు తెలుగులో రాసుకుంది.

ఇప్పుడు అసలు సంగతి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ముందటి వారమే మా యూనివర్సిటీలో వింటర్ కార్నివాల్ అయింది. 1922 నుంచి జరుపుతున్నారు. నెల రోజులు కష్టపడి పిల్లలు మంచుతో ఇళ్లంత బొమ్మలు కడతారు. ఆ వారం చలి తట్టుకోలేక మేం షాలేలో కూర్చున్నాం. ఎదురుగా ఒక పెద్దావిడ, ఊలు దారంతో ఏదో అల్లుకుంటోంది. వాళ్ల మనవడు పైన ఉన్నాడు. ఆమె కూడా చిన్నప్పుడు ఇక్కడే నేర్చుకుందట. చింతూరు తమ్ముణ్ణి చూసి "నువ్వు పడటం బాగా పడతావు" అంది. వెక్కిరింపు అనుకున్నాం. కాదు. "బిగుసుకోవు, పక్కకి ఒరిగి పడతావు. వాలు మీద పెరిగినవాళ్లు అలా పడతారు. మీ ఊళ్లో కొండలున్నాయా?" అని అడిగింది.

తమ్ముడు అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. "రాజ..." దాకా వచ్చింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. వాడు ఆగాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. జూలై ఫోటో చూపించాడు. కొండ వాలు, నీలం టార్పాలిన్, దాని కింద వాళ్లమ్మ, రెండు మేకలు, వెనక ఎర్రటి నీళ్లు. "ఇది మా కొండ. మేం కోయవాళ్లం. ఆ కొండ లేకపోతే మేం లేం" అన్నాడు. అంత పొడుగు ఇంగ్లీషు వాక్యాలు వాడు ప్రొఫెసర్ ముందు కూడా చెప్పలేదు.

ఆమె అల్లిక పక్కన పెట్టి ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఎర్ర కోటు తాతని పిలిచింది. ఇద్దరూ అడగడం మొదలుపెట్టారు. నీళ్లు ఎన్ని రోజులున్నాయి? కొండ జారలేదా? తాగడానికి ఏం చేశారు? ముసలోళ్లని ఎలా ఎక్కించారు? మొదట సాయానికి వచ్చింది ఎవరు? వరద చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు అవి. ఎందుకో అప్పుడు తెలిసింది. 2018 జూన్ 17న, ఫాదర్స్ డే రోజు, తెల్లారకముందు కొద్ది గంటల్లో ఆరేడు అంగుళాల వాన కుమ్మరించిందట ఆ ఊళ్ల మీద. ఈ కొండ మీదే గండ్లు పడ్డాయి. మట్టి, రాళ్లు, చెట్లు కొట్టుకొచ్చి కింద రిప్లీలో ఇళ్ల మీద పడ్డాయి. "పొద్దున మేం చూసేసరికి మేం ఆడుకున్న వాలు రోడ్డు మీద ఉంది" అన్నాడు తాత. పారలు పట్టుకుని ఊరంతా వచ్చారు. ఇంటి బురద ఎత్తి, తర్వాత కొండ సంగతి చూశారు. మళ్లీ మట్టి పోసి, వాలు సరిచేసి, గడ్డి మొలిపించి, మంచు పడేనాటికి మళ్లీ పిల్లలు జారేలా చేసుకున్నారు.

"కొండ పాడైతే ఇంకో కొండకి పోవచ్చు కదా?" అని పాడేరు చెల్లి అడిగింది. ఇంతకన్నా పెద్దవి అటు పక్కన ఉన్నాయి. ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అది వేరే వాళ్ల కొండ" అంది.

ఆ రాత్రి చింతూరు తమ్ముడు తెలుగు రూముకి పోయి చెప్పేశాడు. "మాది రాజమండ్రి కాదు, చింతూరు. నేను కోయ." ఒకడు "అంటే స్కాలర్‌షిప్ అదా?" అన్నాడు. ఒకడు ఫోన్లోంచి తలెత్తలేదు. కర్నూలు కుర్రాడొకడు "వచ్చే ఆదివారం నన్నూ కొండకి తీసుకుపోతావా, నాకు భయం" అన్నాడు. ముగ్గురిలో ఒక్కడు. మాకు చాలనిపించింది. తర్వాతి వారం మేమిద్దరం కూడా చెప్పాం.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి తెల్లవాళ్ల కథ అయిపోతుంది. అది పూర్తి నిజం కాదు.

మా డిపార్ట్‌మెంట్‌లో బరాగా వైపు నుంచి వచ్చే ఒక ఒజిబ్వే అమ్మాయి ఉంది. ఆ ఊరు హోటన్ నుంచి ముప్పావుగంట దూరం. కీవెనా బే తెగవాళ్ల రిజర్వేషన్ అక్కడే. ఏడాది పాటు ఒకే ల్యాబ్‌లో పనిచేసి కూడా మేం ఆమెని ఏమీ అడగలేదు. మనల్ని ఎవరైనా అడగనందుకు బాధపడే మేం! ఆమే ఒకరోజు చెప్పింది. కీవెనా అనే మాట వాళ్లదే, దాటే దారి అని అర్థం. పడవల్ని భుజాన మోసుకుని ఒక నీటి నుంచి ఇంకో నీటికి దాటే చోటు. 1842లో లా పాయింట్ దగ్గర ఒప్పందం రాయించుకుని ఈ నేలంతా తీసుకున్నారు. కారణం నేలలో రాగి. 1846లో క్విన్సీ గని మొదలై దాదాపు వందేళ్లు, 1945 దాకా నడిచింది. ఆ గని రాగిని కరిగించిన కొలిమి ఇప్పటికీ మేం స్కీ చేసే కొండ కిందే, కాలువ ఒడ్డున, తుప్పు పట్టి నిలబడి ఉంది. 1854 ఒప్పందంలో వాళ్లకి మిగిలింది ఆ రిజర్వేషన్. రోజూ ఆ కొలిమి పక్కనుంచి పోయినా అది ఏంటో మేం అడగలేదు.

1842లో వాళ్లకి 1/70 చట్టం లాంటిది లేదు. సమత తీర్పు లాంటిది లేదు. మనకి ఉన్నాయి. ఉన్నా సరే, కాగితం మీది హద్దుకీ నేల మీది హద్దుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు.

"అయితే ఆ కొండ మీద నీకు కోపం లేదా?" అని అడిగాం. నవ్వింది. "చిన్నప్పుడు స్కూలు బస్సులో నేనూ అక్కడికే వచ్చా. నా మొదటి పన్ను అక్కడే ఊడింది. కొండ మీద కోపమెందుకు? అందరూ వంద ఏళ్ల కథే చెప్పి అంతకు ముందుది చెప్పరు, దాని మీద కోపం" అంది. ఆ మాట మాలో ఉండిపోయింది. ఒక కొండని ప్రేమించేవాళ్లు రెండు రకాలుగా ఉండొచ్చు, ఇద్దరి ప్రేమా నిజమే కావొచ్చు. అయినా ముందొచ్చినవాళ్ల పేరు చెప్పకపోతే అది బాకీ పడినట్టే.

రెండో చలికాలం, 2023-24. ఎల్‌నినో ఏడాది. మంచు రాలేదు. రావాల్సినంత రాలేదు. అక్కడ అది మనకి వాన రానట్టే. జనం ఆకాశం వైపు చూడటం, "వచ్చే వారం పడొచ్చంట" అని ఒకరికొకరు చెప్పుకోవడం, దుకాణాల్లో అమ్మకాలు లేకపోవడం, అన్నీ మాకు తెలిసిన మొహాలే. యంత్రాలతో మంచు చల్లినా వాలు అంచుల్లో గోధుమ రంగు గడ్డి కనిపించింది. జనవరిలో హాన్‌కాక్‌లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు ఒక పండగ చేస్తారు. ఆ రోజుతో చలికాలం సగమైందని, గుహలో పడుకున్న ఎలుగుబంటి ఇటు నుంచి అటు ఒత్తిగిల్లుతుందని వాళ్ల నమ్మకం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారుగా, అలాంటిదే. అదే రోజుల్లో కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వాళ్లు గోదావరి నీళ్లు మోసుకుని నడిచే ఫోటోలు ఉట్నూరు అన్న ఫోన్లో చూస్తూ షాలేలో కూర్చున్నాడు. ఎర్ర కోటు తాతకి చూపించాడు. తాత "ఎంత దూరం నడుస్తారు?" అని అడిగాడు. విని "మీకు అది ఎప్పటికీ రద్దు కాదన్నమాట, మంచు అక్కర్లేదు" అన్నాడు. ఆ ఏడాది కొండ చాలా రోజులు మూసే ఉంది. అయినా ఆదివారం షాలే బయట కొందరు వచ్చి నిలబడేవాళ్లు, కాసేపు మాట్లాడుకుని పోయేవాళ్లు. మేమూ పోయేవాళ్లం. స్కీలు కార్లోనే ఉండేవి.

ఇప్పుడు మేం మూడు చోట్ల ఉన్నాం. ఉట్నూరు అన్న హైదరాబాద్‌లో ఉద్యోగం. పాడేరు చెల్లి ఇంకా అక్కడే, పీహెచ్‌డీ. సెలవులకి వచ్చినప్పుడు వంజంగి మేఘాల కొండకి పోయింది. తెల్లవారకముందే వందల బండ్లు, సెల్ఫీలు, కింద ప్లాస్టిక్ సీసాలు. "వచ్చినోళ్లని రావొద్దనడం లేదు. కానీ ఆ కొండ ఎక్కే దారికి మా అవ్వ చెప్పే పేరు ఒక్కరికీ తెలీదు. నేను కూడా మర్చిపోయా, అవ్వని అడిగి రాసుకున్నా" అని మాకు ఫోన్ చేసి ఏడ్చింది.

చింతూరు తమ్ముడు ఇంటికొచ్చేశాడు. వాళ్ల ఊరు పోలవరం ముంపు లెక్కలో ఉంది. ఎప్పుడు లేవమంటారో, ఎక్కడికి పొమ్మంటారో తెలీదు. కాలనీలో ఇల్లు ఇస్తారంటారు. ఇల్లు ఇవ్వగలరు. కొండని కాలనీకి తేలేరు. పరిహారం రాసే కాగితంలో ఇంటికి గడి ఉంది, చెట్టుకి గడి ఉంది, వరదలో ఊరిని ఎత్తుకున్న కొండకి గడి లేదు. వాడు ఒక నోటుబుక్కు పెట్టాడు. కొండ మీద ప్రతి రాయి పేరు, ప్రతి దారి పేరు, ఏ చెట్టు కింద ఎవరి కుటుంబం 86లో ఉంది, 2022లో ఎవరుంది, ఊట ఎక్కడ, వేల్పుల చోటు ఎక్కడ. వాళ్ల తాత చేయి పట్టుకుని ఎక్కించి అడుగుతూ రాస్తున్నాడు. ఇప్పటికి డెబ్బై దాకా పేర్లు వచ్చాయి. సగం కోయలోనే, తెలుగులో లేవు. మొదటి పేజీలో మాత్రం రిప్లీ గుట్ట బొమ్మ గీశాడు. ఎందుకురా అంటే "కొండని తమదని అనుకోవడం ఎలాగో వాళ్ల దగ్గర చూశా, పేరు మర్చిపోతే ఏమవుతుందో కూడా అక్కడే చూశా" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు పోయే ఊళ్లో కొండ ఉండకపోవచ్చు. సముద్రం ఉండొచ్చు, గ్రౌండ్ ఉండొచ్చు, చర్చి ముందు కూరగాయల సంత ఉండొచ్చు. మొదటి చలికాలం రాకముందే, ఆ ఊరి జనం డబ్బు కోసం కాకుండా కలిసే చోటు ఒకటి వెతుక్కోండి. పోయి అక్కడ పడండి. లేపుతారు. మీది ఏ ఊరని అడిగితే దగ్గర్లోని టౌన్ పేరు చెప్పకండి. మేం ఆరు నెలలు చెప్పాం, ఆ ఆరు నెలలు మాకు ఎవరూ దగ్గర కాలేదు. ఆ నేల మీద మనకన్నా ముందున్నవాళ్లు ఎవరో కూడా మొదటి నెలలోనే అడగండి, మాలాగా ఏడాది ఆగకండి.

ఇంటి దగ్గరుండి చదివేవాళ్లు ఈ సెలవుల్లో అవ్వనో తాతనో తీసుకుని మీ కొండ ఎక్కండి. పేర్లు రాసుకోండి.

పోయిన నెల తమ్ముడు మా పాత వీడియో ఒకటి వాళ్లమ్మకి చూపించాడట. లిఫ్ట్ దిగుతూ ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డది. ఆమె కళ్లు తుడుచుకునేంత నవ్వి, "తాటిమట్ట ఇచ్చి పంపాల్సింది, అయ్యా" అందట.